బయటికి దారెటండీ

మా అనకాపల్లిలో ఎవరైనా ఒకరింటికి వెళితే ముందు బాగున్నారా అంటారు, తర్వాత కుర్చీ లాక్కుంటారు. అప్పలనరసింహం మామ మాత్రం గుమ్మంలో కాలు పెడుతూనే బయటికి వెళ్ళే దారి అడుగుతాడు.

అదైనా ఇంటాయన చెవిలో అడిగితే సరే అనుకోవచ్చు. పెళ్ళిపందిట్లో సన్నాయి కంటే గట్టిగా అడుగుతాడు. "బయటికి దారెటండీ? ఎనకేపు తలుపుందా? బాత్రూమెక్కడ? గడియ పడతాదా?" ఈ నాలుగింటికీ జవాబు వచ్చేదాకా కూర్చోడు. వచ్చాక స్వయంగా వెళ్ళి, తలుపు తీసి, వేసి, మళ్ళీ తీసి చూసి, అప్పుడొచ్చి కూర్చుంటాడు. ఎవరైనా "ఏం మామా, రాకముందే పోవాలనుందా?" అంటే కోపం తెచ్చుకోడు. "నాకు బయ్యమండి. పిరికోణ్ణి" అని నవ్వేస్తాడు.

ఈ అలవాటు ఆయనకి పెళ్ళికి ముందునుంచీ ఉంది. కోటవురట్లలో పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు పిల్లని తీసుకురాకముందే కాబోయే మావగారిని అడిగాడట, "ఎనకేపు దారుందేటండీ" అని. పిల్ల తండ్రి మొహం మాడిపోయింది. "సూడకుండానే పారిపోతానంటాడేటి ఈడు" అని బంధువులవైపు తిరిగాడు. అప్పుడు లోపల్నుంచి పిల్లే జవాబు చెప్పింది. "పసువులసాల పక్కనుంది. తడిక తాడుతో కట్టుంటాది, ఇప్పుకోండి." అడిగిందానికి సూటిగా జవాబు చెప్పిన మనిషి దొరికిందని మామ అక్కడికక్కడే సంబంధం ఖాయం చేసుకున్నాడు. ఆ పిల్లే అప్పలకొండమ్మత్త. "దారెటో తెలిసి కూడా నలబయ్యేళ్ళబట్టీ పారిపోనేదు. నాను ఆశపడ్డమే మిగిలింది" అంటుందావిడ.

బెల్లం వ్యాపారి దేవీప్రసాద్ గారి తండ్రికి ఆపరేషన్ అయితే అందరం పరామర్శకి వెళ్ళాం. మామ వార్డులోకి వస్తూనే తన ప్రశ్న అడిగాడు. మంచం మీది పెద్దాయన దుప్పటి తీసి చూసి, "నాను బయటికెళ్తానో లేదో డాక్టరే సెప్పలేకపోతన్నాడు, నన్నడుగుతావేటి నరసింహం" అన్నాడు. మామ ఏమీ అనుకోకుండా వరండా చివరిదాకా వెళ్ళి మెట్లు లెక్కపెట్టుకుని వచ్చాడు.

కశింకోట షేర్ ఆటోలో ఆయనతో ప్రయాణం చేస్తే అదో పరీక్ష. ఎవరు ఎక్కడ దిగుతారో అడిగి తెలుసుకునేదాకా బండి కదలనివ్వడు. ముందు దిగేవాళ్ళు అంచున కూర్చోవాలి, చివర దిగేవాళ్ళు లోపల కూర్చోవాలి. చంటిపిల్లతో ఉన్న తల్లి ఎప్పుడూ అంచునే. నిండిపోయిన ఆటోలోంచి అందర్నీ దింపి మళ్ళీ ఎక్కించిన రోజులున్నాయి. ఆటో పైడిరాజు మొదట్లో గొడవపడేవాడు, తర్వాత విసిగి వదిలేశాడు. "బండి నాది, సీట్లు ఆయనవి" అంటాడిప్పుడు.

ఇంతకీ మామ చేసిన ఉద్యోగం ఏమిటంటే, మా ఊళ్ళో ఇప్పుడు లేని ఒక సినిమా హాల్లో ముప్ఫై ఏళ్ళు గేట్‌మన్. ముప్ఫై ఏళ్ళలో ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడలేదు. తెరకి వీపు పెట్టి జనాన్ని చూస్తూ నిలబడేవాడు. సినిమా ఎలా ఉంది మామా అంటే "ఇంటర్వెల్లు ముందు నవ్వేరండి. తర్వాత ఎనకబెంచీలో ఒకాయన కళ్ళు తుడుసుకున్నాడు. బాగున్నట్టే" అనేవాడు. ఆ హాలు కొట్టేసి బట్టల షాపు కట్టారు. మామ ఆ షాపులోకి వెళ్ళి కూడా బయటికి దారి అడిగాడు. అక్కడి అమ్మాయి పాపం ట్రయల్ రూమ్ చూపించింది.

నా సంగతి కూడా చెప్పాలి. నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా మా ఊరి ఫిలిం సొసైటీకి కార్యదర్శిని. నెలకో సినిమా వేస్తాం, వేశాక నేను లేచి ఆ సినిమా ఎందుకు గొప్పదో ముప్పావుగంట చెబుతాను. సినిమా గంటన్నర ఉంటే నా ప్రసంగంతో కలిపి రెండుంబావు అవుతుంది. నన్ను ఊళ్ళో అందరూ సూర్యనారాయణ మాస్టారంటారు, వెనక ఏమంటారో నాకు తెలియదు.

ఇంత సినిమా పిచ్చి ఉన్నవాడికి భార్య మాత్రం సినిమాకి రాదు. మా అమ్మాయి హాసిని ఏడాది పిల్లగా ఉన్నప్పుడు చివరిసారి హాలుకి వచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా "నాకు పనుందండీ" అనేది, "తలనొప్పండీ" అనేది. పద్మకుమారికి అభిరుచి లేదని నేను తీర్మానించుకున్నాను. తీర్మానించుకుని ఊరుకుంటే బాగుండేది. "మా ఇంట్లో ప్రేక్షకుణ్ణి నేనొక్కణ్ణే, మిగతావాళ్ళు వంటింటి పక్షం" అని వేదికలెక్కి చెప్పేవాణ్ణి. జనం నవ్వేవారు. ఆవిడ పక్కనుంటే ఆవిడా నవ్వేది. ఆ నవ్వు ఇప్పుడు తల్చుకుంటే నాలుక కరుచుకోవాలనిపిస్తుంది.

రెండేళ్ళ క్రితం ఏప్రిల్లో మేం మూడు రోజుల చలనచిత్రోత్సవం తలపెట్టాం. గవరపాలెంలో ఒక కల్యాణమండపం తీసుకున్నాం. సొసైటీ అధ్యక్షుడు దేవీప్రసాద్ గారి కొట్లో, బెల్లం వాసన మధ్య కమిటీ కూర్చుంది. వసతుల బాధ్యత నరసింహం మామకి ఇద్దామన్నది నేనే. హాళ్ళ సంగతి తెలిసినవాడు కదా, కుర్చీలు వేయించి పడుంటాడనుకున్నాను.

"మూడొందల కుర్చీలు పడతాయి" అన్నాను.

"రెండొందల యాబై" అన్నాడు మామ.

"మరి తక్కిన యాభైమందీ?"

"ఆళ్ళకి మళ్ళీ ఆట ఎయ్యండి. ఈ రెండొందల యాబైమందీ మజ్జిలో నెగిసి ఎల్లాలంటే దారుండాలి కదండీ."

"మధ్యలో ఎందుకు లేస్తారు మామా? మనం వేసేవి మంచి సినిమాలు."

"మంచి సినిమాకైనా మనిసి మనిసేనండి" అన్నాడు.

దేవీప్రసాద్ గారికి ఓపిక పోయింది. "ఇదేమైనా విమానమేటయ్యా, అడుగడుక్కీ తలుపు కావాలంటావు?"

మామ కొట్టు బయటికి చూశాడు. "మార్కెట్లో బెల్లం దిమ్మలు పేర్సినపుడు వరసకీ వరసకీ మజ్జిన దారొదుల్తారు కదండీ. ఎందుకండీ?"

"వదలకపోతే కొనేవాడు ఎలా నడుస్తాడు? ఏ దిమ్మ దగ్గరికైనా వెళ్ళి చూసుకోవాలి కదా."

"అదేనండి. దిమ్మలకి వదుల్తారు, మనుసులకి వదల్రా?"

దేవీప్రసాద్ గారు రెండొందల యాభైకి ఒప్పేసుకున్నారు. బెల్లం లెక్కన చెప్పేసరికి ఆయనకి సంగతి తలకెక్కింది.

ఇక మామని పట్టుకోలేకపోయాం. మండపానికి నాలుగు మెట్లున్నాయి. బెల్లం లారీలకి ఎక్కించే చెక్క బల్లలు తెప్పించి మెట్ల మీద వాలుగా వేయించాడు. అది పనికొస్తుందో లేదో చూడాలని తనే బెల్లం మోసే కలాసీల తోపుడు బండిలో కూర్చున్నాడు. ఎక్కడం బాగానే ఎక్కాడు. దిగేటప్పుడు బండి పట్టు తప్పి, గేటు దాటి, ఎదురుగా ఉన్న కూల్‌డ్రింక్ బడ్డీలోకి వెళ్ళిపోయింది. సోడాసీసాల మధ్య కూర్చునే మామ తన అభిప్రాయం చెప్పాడు. "ఎక్కడానికి బాగుందండి. దిగడానికే ఆలోసించాలి."

బల్లలు ఇంకో జత కలిపి వాలు తగ్గించాక, కశింకోటలో బట్టలు కుట్టే గంగాభవానికి ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి చక్రాల కుర్చీలో తిరుగుతుంది, సినిమా అంటే ప్రాణం, హాల్లో సినిమా చూసి పదకొండేళ్ళయింది. వచ్చి ఎక్కి చూసి, "వాలు బాగుంది బాబాయ్. పైకెక్కినాక కుర్చీ తిప్పడానికి జాగేదీ?" అంది. అక్కడ నేను ముచ్చటపడి పెట్టించిన స్వాగత తోరణం, దాని కింద బల్ల ఉన్నాయి. మామ రెండూ తీయించేశాడు. "నాను దొర్లి లాబమేటండీ, ఆ గంగాభవాని గుంటని ముందే అడగాల్సింది" అన్నాడు నాతో.

తోరణం పోయిందని నేను రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

అన్నిటికంటే ఆయన పట్టు పట్టింది ఎడమవైపు పక్క తలుపు దగ్గర. పెళ్ళిళ్ళప్పుడు చేతులు కడుక్కోవడానికి వెళ్ళే తలుపది. అవతల బాత్రూములున్నాయి. ఆ తలుపు ఎప్పుడూ తీసే ఉండాలన్నాడు. వెలుగు రాకుండా దానికి నల్ల తెర కట్టాడు. దాని పక్కనే తొమ్మిదో వరస చివరి కుర్చీకి తన తువ్వాలు కట్టి, ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

"అదెవరికి మామా?"

"నాకేనండీ. నాకు బయ్యం కదా."

"నువ్వు కూర్చుని సినిమా ఎప్పుడు చూశావు?"

"ఇపుడు సూత్తానేమో, ఎవరికి తెలుసు" అన్నాడు.

మొదటిరోజు అంతా బాగా జరిగింది. గంగాభవాని ముందువరసలో సినిమా చూసి, బల్లల మీంచి దిగి వెళుతూ అందరికీ చెయ్యూపింది. ముసలివాళ్ళు లేచారు, వచ్చారు. ఏడ్చిన పిల్లల్ని తల్లులు తెర చాటునించి బయటికి తీసుకెళ్ళి ఊరుకోబెట్టి తీసుకొచ్చారు. ఏ ఒక్కరికీ ఎవరూ అడ్డు రాలేదు. విలేఖరి వచ్చి ఈ ఏర్పాట్లు ఎవరివని అడిగితే "మా సొసైటీ ముందుచూపు" అని నేనే చెప్పాను. నా ఫొటో కూడా తీసుకున్నాడు.

ఆ సాయంత్రం పద్మకుమారి కూర తరుగుతూ "రేపు మధ్యాహ్నం ఆటకి నేనూ వస్తానండీ" అంది.

నేను చదువుతున్న పేపరు దించేశాను.

"ఏటలా చూస్తారు? నరసింహం బాబాయి ఫోన్ చేసేరు. హాల్లో అన్నీ బాగున్నాయిట, రమ్మన్నారు."

పంతొమ్మిదేళ్ళు నేను పిలిస్తే రాని మనిషి గేట్‌మన్ పిలిస్తే వస్తానంటోంది. కాస్త గుచ్చుకున్నా, సంతోషమే ఎక్కువైంది. మర్నాటి సినిమా నాకు ప్రాణం. వాన కోసం ఎదురుచూసే ఒక ముసలి రైతు కథ. ఆవిడ అది చివరిదాకా చూడాలి, చూసి బయటికి వచ్చి నాతో దాని గురించి మాట్లాడాలి. నాకు ఉత్సవం మొత్తంలో కావలసింది అదొక్కటే అయిపోయింది ఆ పూట.

రెండోరోజు హైదరాబాద్ నుంచి ఒక దర్శకుడు పరివారంతో వచ్చాడు. మా ఊళ్ళో పెద్దవాళ్ళొస్తే పూలగుత్తులివ్వం, బెల్లం దిమ్మ ఇస్తాం. దేవీప్రసాద్ గారు అతిథులందరికీ కలిపి అరవై దిమ్మలు పంపించారు. ఒక్కోటి పది కిలోలు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, దిమ్మలు చెమ్మగిల్లుతున్నాయి. మండపంలో చల్లగా ఉండే చోటు ఒక్కటే, కూలర్ గాలి తగిలే ఎడమవైపు పక్క తలుపు. అక్కడ పేర్చమని కలాసీలకి చెప్పాను. జనం ఎక్కువ వచ్చారని నడవల్లో ఇంకో యాభై కుర్చీలు కూడా వేయించాను.

మామ పరుగున వచ్చాడు. "మాస్టారూ, అది తలుపండి."

"తెలుసు మామా. రెండు గంటలు మూసుంటే ఏమైంది?"

"మూసీత్తే అది తలుపు కాదండి, గోడ."

"బెల్లం కారిపోతే వచ్చిన దర్శకుడి మర్యాద ఏం కావాలి?"

"బెల్లం కారితే తుడుసుకోవచ్చండి. మనిసికి..." అని ఆగిపోయాడు.

"ఏ మనిషికి? పేరు చెప్పు. ఆ తలుపు ఎవరికి కావాలో చెప్పు, ఇప్పుడే తీయిస్తాను."

మామ నా మొహంలోకి చూశాడు. తర్వాత తల దించుకుని "నాకేనండీ" అన్నాడు. "నాకు బయ్యం."

"అయితే బయటే ఉండు. నీ పిరికితనం కోసం ఉత్సవం ఆపలేను. వెళ్ళి స్కూటర్లు చూసుకో" అన్నాను. పదిమంది ముందు అన్నాను. అంతకంటే నెమ్మదిగా చెప్పొచ్చని నాకప్పుడు తోచలేదు. ఆయన గేటు దగ్గరికి వెళ్ళాడు.

పద్మకుమారి నీలం చీర కట్టుకుని వచ్చింది. తువ్వాలు కట్టిన కుర్చీ దగ్గరికి తిన్నగా వెళ్ళి, తువ్వాలు విప్పి మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్క తలుపు వైపు చూసింది. బెల్లాన్ని చూసింది. లేచి ఎవరికోసమో నాలుగువైపులా వెతికింది. నాకోసమేననుకుని నేను వెనకనుంచి చెయ్యూపాను. దీపాలు ఆర్పేశారు.

సినిమా మొదలై ముప్పావుగంట అయింది. ముసలి రైతు గట్టు మీద కూర్చుని ఆకాశం చూస్తున్నాడు. హాలంతా నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు ఎడమవైపు ఎవరో లేచారు. చీకట్లో ఒక ఆడమనిషి ఆకారం తలుపు దాకా వెళ్ళి దిమ్మల దగ్గర తడుముకుంది. వెనక్కి తిరిగి నడవలోకి వచ్చింది. అక్కడ నేను వేయించిన కుర్చీలు. తల నీడ సరిగ్గా రైతు మొహం మీద పడింది. "కూకోవమ్మా" అని ఎవరో అరిచారు. ఇంకెవరో ఈల వేశారు. నా రసభంగం నేను తట్టుకోలేకపోయాను. చేతిలో మైకు ఉంది.

"లేచినవాళ్ళు దయచేసి కూర్చోండి. సినిమా చూడ్డం తెలియనివాళ్ళు సినిమాకి రాకూడదు."

జనం చప్పట్లు కొట్టారు. ఆ ఆకారం కూర్చుండిపోయింది.

చప్పట్లు ఆగకముందే వెనక తలుపు తోసుకుని నరసింహం మామ వచ్చాడు. "బాబోయ్, నాకు ఊపిరాడ్డం నేదు. సచ్చిపోతన్నాను. తలుపు తియ్యండి" అని కేకలు పెడుతూ, కుర్చీల మధ్య మనుషుల్ని తోసుకుంటూ పోయి, పక్క తలుపు ముందు బెల్లం దిమ్మలకి జారబడి కూలబడ్డాడు. దీపాలు వెలిగించారు. అందరూ అటు మూగారు. దేవీప్రసాద్ గారు పంచె ఎగగట్టి స్వయంగా దిమ్మలెత్తారు. హైదరాబాద్ దర్శకుడు కూడా ఒక దిమ్మ ఎత్తుకుని ఎక్కడ పెట్టాలో తెలియక తిరిగాడు. చేతులు మారుతూ అరవై దిమ్మలూ రెండు నిమిషాల్లో అవతలికి పోయాయి. తలుపు తెరుచుకుంది.

కళ్ళు మూసుకుని మూలుగుతున్న మామ ఒక కన్ను కొద్దిగా తెరిచి తొమ్మిదో వరస వైపు చూశాడు. "నాకు గాలి తగలాలండి. మగోళ్ళు నా సుట్టూ నిలబడండి. ఆడోళ్ళు ఆ తలుపులోంచి బయటికెల్లిపోండి" అన్నాడు. ప్రాణం పోతున్నవాడికి అంత స్పష్టంగా ఆజ్ఞలెలా వస్తున్నాయో నేను ఆలోచించలేదు. ఏడెనిమిదిమంది ఆడవాళ్ళు గబగబా లేచి వెళ్ళిపోయారు. అందరి కళ్ళూ మామ మీదే ఉన్నాయి కనక వాళ్ళెవరో ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. పది నిమిషాల్లో మామకి నయమైపోయింది.

ఆట అయ్యాక అందరి ముందూ ఆయన్ని నిలదీశాను. "నీవల్ల సినిమా నాశనమైంది. దర్శకుడి ముందు ఊరి పరువు పోయింది. రేపట్నుంచి కమిటీలో నువ్వు లేవు."

"తప్పయిపోయిందండి. పిరికోణ్ణి కదా" అన్నాడు నవ్వుతూ.

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఎవరో "సచ్చిపోతన్నాను" అని ఆయన గొంతుతో అనుకరించి చూపించారు. మామ ఆ నవ్వుల్లోంచి ఇంటికి నడిచి వెళ్ళాడు.

నేను ఇంటికొచ్చేసరికి పద్మకుమారి టీ పెట్టలేదు. నీలం చీరతోనే కుర్చీలో కూర్చుని ఉంది.

"సినిమా మధ్యలో ఎక్కడికి పోయావు?" అన్నాను.

"ఆ లేచింది నేనే" అంది.

"ఏ లేచింది?"

"సినిమా చూడ్డం తెలియంది."

ఆవిడ గొంతు పెంచలేదు, ఏడవలేదు. హాసిని పుట్టినప్పట్నుంచీ గంటకి మించి ఆపుకోలేనని చెప్పింది. అది నాకు తెలియంది కాదు. ఇంట్లో ఆవిడ లేవడం రోజూ చూస్తూనే ఉన్నాను. ఇంట్లో లేచే మనిషి హాల్లో ఎలా కూర్చుంటుందని పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి అనుకోలేదు.

"హాసిని ఏడాది పిల్లప్పుడు, ఆ చివరిసారి హాల్లో మీకు చెప్పేను, ఓసారి బయటికెళ్ళాలండీ అని" అంది. "మీరు తెర మీంచి కళ్ళు తీయకుండా, ఇంటర్వెల్ వస్తుంది కూర్చో అన్నారు. నేనే లేచి వెళ్ళేను. టిక్కెట్టు లేకుండా ఎవరో దూరతారని తలుపులకి బయట గొళ్ళెం పెట్టించేవాడు ఆ హాలాయన. లోపల్నుంచి కొట్టేను. నరసింహం బాబాయి తీసేరు. తీసినందుకు బాబాయిని ఆ హాలాయన అందరి ముందూ తిట్టేడు, నేను విన్నాను. ఆయన నాకే భయమేసి తీసేనండీ అన్నారు. నా పేరు చెప్పలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పేను కదండీ. ఇంటర్వెల్ వస్తుందన్నారు."

నేను ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఆవిడే మళ్ళీ అంది. "దేవీప్రసాద్ గారి గృహప్రవేశం గుర్తుందా? బాబాయి గుమ్మంలో నిలబడి బాత్రూమెక్కడండీ అని అరిస్తే మీరంతా పడీపడీ నవ్వేరు. లోపల గదిలో పదిమంది ఆడవాళ్ళం గంటబట్టీ ఎవర్నడగాలో తెలీక కూర్చున్నాం. జవాబు మాకు కూడా వినపడింది. ఆయన అంత గట్టిగా అడిగేది ఎందుకనుకున్నారు?"

మర్నాడు పొద్దున్నే మామ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. దార్లో కట్టుకున్న మాటలన్నీ ఆయన్ని చూడగానే పోయాయి. "మామా, నన్ను క్షమించు. పద్మ అంతా చెప్పింది" అన్నాను.

మామ మొహంలో రంగులు మారిపోయాయి. లేచి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏటి సెప్పిందండి? నాకేటీ తెలీదు. నాకు నిన్న నిజంగానే ఊపిరాడ్లేదు."

"మామా, నాకు తెలిసిపోయింది."

"మీకు తెలిసినా నాకు తెలీదండి. నా గుండి మంచిది కాదు. సీకటంటే బయ్యం. ఊరంతటికీ తెలుసు" అన్నాడు. ఎంత బతిమాలినా అంతే. అప్పలకొండమ్మత్త మంచినీళ్ళు తెచ్చి పెడుతూ, "ఆయన గుండికేటి బాబూ, దున్నపోతు గుండి" అంది. మామ ఆవిడకేసి ఉరిమి చూశాడు. ఒక్క మాట మాత్రం అన్నాడు నాతో. "ఆ నడవలో కుర్సీలు తీయించండి మాస్టారూ."

తీయించలేదు, నేనే తీశాను. యాభై కుర్చీలూ రెండేసి చొప్పున బయటికి మోశాను. మామ తలుపు దగ్గర నిలబడి "అదిగో, ఆ మూలదొకటి ఉండిపోనాది" అని చూపించాడు.

పద్మకుమారి మాత్రం రాలేదు. "ఇవాళ వద్దు లెండి" అంది. మూడోరోజు మూడు ఆటలకీ తొమ్మిదో వరస చివరి కుర్చీ ఖాళీగా ఉంది. ముగింపు సభలో అందరి ముందూ మామకి క్షమాపణ చెబుదామని లేచాను. ఆయన మొదటి వరసలోంచి వద్దు వద్దని చేతులు జోడించాడు. చెబితే కారణం చెప్పాలి, కారణం చెబితే ఆవిడ పేరు వస్తుంది. అందరి ముందూ తిట్టినవాణ్ణి అందరి ముందూ క్షమాపణ అడగలేకపోయాను. ఊళ్ళో చాలామంది ఇప్పటికీ ఆయన్ని బెల్లం దగ్గర మూర్ఛపోయిన నరసింహం అనే అంటారు. నేను పక్కనుండి కూడా ఏమీ అనలేను. నాకు పడిన శిక్ష అదేననుకుంటాను.

తర్వాత రెండేళ్ళపాటు ప్రతినెలా సొసైటీ సినిమాకి ముందు రమ్మని అడిగేవాణ్ణి. ప్రతినెలా ఆవిడ నవ్వి ఊరుకునేది. ఒకసారి మైకులో రాకూడదన్న మనిషిని చెవిలో ఎన్నిసార్లు రమ్మంటే ఏం లాభం?

మొన్న జూలైలో ఆ వాన సినిమా మళ్ళీ తెప్పించాను. మా కాలేజీ హాల్లో ఆదివారం మధ్యాహ్నం ఆట. ఈసారి నేను రమ్మనలేదు. "హాలుకి మూడు తలుపులున్నాయి. మూడూ తీసుంటాయి. నేను ప్రసంగం చెయ్యను" అని మాత్రం చెప్పాను. మూడోది విన్నాక వచ్చిందని హాసిని నన్ను ఇప్పటికీ ఏడిపిస్తుంది.

ఆవిడ చివరి కుర్చీలో కూర్చుంది. రెండుసార్లు లేచి వెళ్ళింది, రెండుసార్లూ వచ్చింది. ఒక్క తల కూడా ఆవిడ వైపు తిరగలేదు. నేను ఆ పూట తెర వైపు ఎక్కువ చూడలేదు. సినిమా అయ్యాక ఆవిడకంటే ముందే గుమ్మం దగ్గరికి చేరాను.

"ఎలా ఉంది?" అన్నాను.

"మొదటి సగం బాగుందండీ" అంది. "రెండో సగంలో ఆ ముసలాయన ఆకాశంకేసి నాలుగుసార్లు చూస్తాడు. ఒకసారి సరిపోదూ?"

"అది ఎదురుచూపు పద్మా. అందులో ఒక లయ ఉంది."

"లయా లేదు ఏటీ లేదు. మా నాన్న యాభై ఏళ్ళు చెరుకు వేసేరు. రైతు ఆకాశం చూసి ఊరుకోడు, గట్టు సరిచేసుకుంటాడు. ఆ తీసినాయనకి వ్యవసాయం తెలీదు."

"అవార్డులొచ్చిన సినిమా అది."

"ఇచ్చినవాళ్ళకీ తెలీదు."

ఇరవై రెండేళ్ళుగా సినిమాల గురించి ముప్పావుగంట చొప్పున చెబుతున్నాను. ఆ గట్టు సంగతి నాకెప్పుడూ తట్టలేదు. ఇలాంటి దెబ్బలాటలు మా ఇద్దరికీ నెలకొకటి చొప్పున ఎన్ని జరగాల్సింది, ఎన్ని పోగొట్టుకున్నాను అనుకున్నాను. అయినా ఓడిపోవడం ఇష్టం లేక, "నువ్వు ప్రతీకని వ్యవసాయశాఖ లెక్కన చూస్తే ఎలా?" అన్నాను. "మీరు వ్యవసాయాన్ని ప్రతీక లెక్కన చూస్తే ఎలా?" అంది ఆవిడ.

వెనకనుంచి నరసింహం మామ గొంతు వినిపించింది.

"మాస్టారూ, అమ్మా, గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు. ఎనక నలబైమంది ఉన్నారు. పక్కకి జరిగి దెబ్బలాడుకోండి."

మేం పక్కకి జరిగి దెబ్బలాడుకున్నాం.